అందగత్తె కాని హీరోయిన్: షార్లెట్ బ్రాంటీ ముచ్చట

పోయినేడు మా ఇంట్ల నాకు సంబంధాలు సూసుడు షురువైంది. ఫొటో దిగితె, కంప్యూటర్ల పెట్టి నన్ను మస్తు తెల్లగ జేసి ఇచ్చిన్రు. సూస్తె అది నేను కాదు. మా అవ్వ గదే ఫొటో పంపింది. వచ్చినోళ్లు ఫొటో దిక్కు ఒకసారి, నా మొఖం దిక్కు ఒకసారి సూసిన్రు. చాయ్ తాగి పోయిన్రు. మల్ల ఫోన్ జెయ్యలే.

గా రాత్రి నాకు షార్లెట్ బ్రాంటీ యాదికొచ్చింది. డిగ్రీల ఉన్నప్పుడు ఆమె రాసిన జేన్ ఎయిర్ నవల పరీక్ష కోసం సదివిన. ఈసారి నా కోసం సదివిన. ఆమె బతుకు ముచ్చట మీకు జెప్పాలె అనిపించింది.

షార్లెట్ 1816 ఏప్రిల్ 21న ఇంగ్లండ్‌ల యార్క్‌షైర్ దిక్కు పుట్టింది. నాయిన పాట్రిక్ ఐర్లండ్ల పేదింట్ల పుట్టి, సదువుకొని చర్చిల పాస్టరైండు. హావర్త్ అనే ఊరికి వచ్చినంక, 1821ల తల్లి సచ్చిపోయింది. ఆరుగురు పిల్లలు. పాస్టర్ల బిడ్డలు సదివే ఒక బడికి నలుగురు ఆడపిల్లలను పంపిన్రు. ఆడ సలి, సాలని తిండి. పెద్దక్కలు మరియా, ఎలిజబెత్ ఇద్దరు టీబీ తోని 1825ల పోయిన్రు. షార్లెట్‌కు అప్పటికి తొమ్మిదేండ్లు. ఇంట్ల ఇగ ఆమెనే పెద్దది.

షార్లెట్ మనిషి శాన పొట్టి. సూపు సక్కగ ఆనకపోయేది. తను అందంగ లేననే రంది ఆమెకు బతికినన్నొద్దులు ఉండె. పైసల్లేవు, కట్నం లేదు. గసొంటి పిల్లకు ఆ కాలంల రెండే తొవ్వలు. ఒకటి పెండ్లి, రెండోది పెద్దోళ్ల ఇండ్లల్ల ఉండి పిల్లలకు సదువు చెప్పే కొలువు. ఆ కొలువంటె పనిమనిషి కన్నా జర ఎక్కువ, ఇంటి మనిషి కన్నా శాన తక్కువ. ఆమెకు పెండ్లి సంబంధం రాక కాదు. 1839ల దోస్తు అన్న అడిగిండు. మనసు లేని పెండ్లి వద్దని కాదన్నది. కొలువే జేసింది.

రాసుడు మాత్రం ఇడువలే. ఇరవై ఏండ్లప్పుడు తన కవితలు రాజాస్థాన కవి రాబర్ట్ సౌథీకి పంపింది. ఆయన 1837ల జవాబు రాసిండు. ఆడామెకు సాహిత్యం బతుకుదెరువు కాదు, కాగూడదు అని దాని సారాంశం. ఇప్పుడు మన ఊర్లల్ల ఆడపిల్లకు గింత సదువు ఎందుకు అంటరు సూడుండ్రి, గదే మాట పెద్ద కవి నోట్లకెళ్లి వచ్చింది.

1842ల ఫ్రెంచ్ నేర్సుకునెతందుకు చెల్లె ఎమిలీ తోని బెల్జియంల బ్రసెల్స్‌కు పోయింది. ఆడ సదువు చెప్పిన సారు కాన్‌స్టాంటిన్ ఎజే మీద మనసు పడ్డది. ఆయనకు పెండ్లాం పిల్లలున్నరు. 1844ల ఇంటికొచ్చినంక ఆయనకు ఉత్తరాలు రాసింది. జవాబు కోసం నెలలకు నెలలు ఎదురు సూసింది. మెసేజ్ పెట్టి, సూసిండా లేదా అని ఫోన్ దిక్కే సూసే మన లెక్కనే. ఆయన తరఫు నుంచి రాను రాను ఏం రాలే. చింపి మల్ల అతికిన ఆ ఉత్తరాలు ఇప్పటికీ లండన్ల బ్రిటిష్ లైబ్రరీల ఉన్నయ్.

1846ల అక్కచెల్లెండ్లు ముగ్గురు సొంత పైసలు పెట్టి కవితల పుస్తకం అచ్చేసిన్రు. ఆడోళ్లని తెలిస్తె ఎవరూ సక్కగ సూడరని కరర్, ఎల్లిస్, యాక్టన్ బెల్ అని పేర్లు పెట్టుకున్నరు. మొదటి ఏడు రెండంటె రెండు కాపీలే అమ్ముడువోయినయ్. షార్లెట్ రాసిన మొదటి నవలను ఎవలూ తీసుకోలే. గదే ఏడు ఆగస్టుల నాయిన కండ్ల ఆపరేషన్‌కు మాంచెస్టర్ తోలుకపోయింది. నాయిన చీకటి రూంల పండుకొని ఉంటె, పక్క రూంల కూసొని జేన్ ఎయిర్ రాసుడు మొదలువెట్టింది. 1847 అక్టోబర్ల అచ్చయింది. జనం ఎగవడి కొన్నరు.

అండ్ల ఏమున్నది? ఇయ్యాల ఫోన్ల సదివే ప్రేమ కథలు శానమట్టుకు ఒక్కతీరుగనే ఉంటయ్. మామూలు పిల్ల, పొగరుబోతు పైసలున్న పిలగాడు. పిల్ల కండ్లద్దాలు తీసేసి, జుట్టు ఇప్పేసి అందగత్తె అయితది. గప్పుడు ఆయన పడిపోతడు. జేన్‌కు గట్ల కాదు. పొట్టిగ, మామూలుగ ఉన్న అనాథ పిల్ల ఆఖరి పేజీ దాంక గట్లనే ఉంటది. పైసలున్న రోచెస్టర్ ముంగట నిలవడి, నా పాణం నీ పాణం సమానమే అన్నట్టు మాట్లాడుతది. లగ్గం రోజు ఆయనకు ముందే పెండ్లయిందని, పెండ్లాన్ని పై అంతస్తుల తాళమేసి దాసిండని తెలుస్తది. ప్రేమ ఉండంగనే జేన్ ఇల్లిడిసి పోతది. తర్వాత తన పైసలు తనకు వచ్చినంక, తన ఇష్టంతోనే మల్ల ఆయన కాడికి వస్తది.

ఒక్క మాట ఒప్పుకోవాలె. తాళమేసిన ఆ పెండ్లాం బెర్తా జమైకా నుంచి వచ్చినామె. షార్లెట్ ఆమెను పిచ్చిదాని లెక్క, మృగం లెక్క సూపిచ్చింది, ఆమెకు నోరియ్యలే. మామూలు పిల్లకు జాగ ఇచ్చిన కలమే దూరదేశపు పిల్లకు జాగ ఇయ్యలే. కరీబియన్ దీవులల్ల పుట్టిన జీన్ రైస్ 1966ల ఒక నవల రాసి, ఆమెకు నోరిచ్చింది. ఎవల కథ వాళ్లే రాసుకోవాలె అనేది నేను గందుకే నమ్ముత.

పేరొచ్చింది గని సుఖం రాలే. 1848 సెప్టెంబర్ల తమ్ముడు బ్రాన్‌వెల్, డిసెంబర్ల ఎమిలీ, 1849 మేల ఆఖరి చెల్లె ఆన్ పోయిన్రు. తొమ్మిది నెలల్ల ముగ్గురు. ఇల్లంత బోసిపోయింది. అయినా షార్లెట్ రాసింది. బ్రసెల్స్ యాది తోని 1853ల విలెట్ నవల తెచ్చింది. నాయిన కాడ పనిజేసే ఆర్థర్ బెల్ నికొల్స్ పెండ్లి అడిగితె నాయిన మండివడ్డడు. ఆఖరికి 1854 జూన్ 29న పెండ్లయింది. సంతోషంగనే ఉండె. గర్భవతిగ ఉండంగనే 1855 మార్చి 31న పాణమిడిసింది. ముప్పై తొమ్మిది నిండలే.

తమ్ముడు గీసిన అక్కచెల్లెండ్ల బొమ్మ ఒకటి 1914ల బీరువ మీద మడతవెట్టి దొరికింది. మడత గీతలు మొఖాల మీద ఇంక ఉన్నయ్. లండన్ మ్యూజియంల గట్లనే పెట్టిన్రు, ఎవలూ తుడిసెయ్యలే. గా బొమ్మను నేను ఫోన్ల సూసిన. తర్వాత మా అవ్వకు జెప్పిన, ఈసారి ఎవరడిగినా నా అసలు ఫొటోనే పంపాలె అని. అవ్వ ఏమనలే. గని నిన్న ఇంకో సంబంధపోళ్లు అడిగితె, నా ఫోన్లకెళ్లి నేను దిగిన ఫొటోనే తీసుకున్నది.