జార్జి హెవెసీ

గుంటూరు, ప్రకాశము జిల్లాల నల్లరేగడి నేలలలో ప్రత్తియు, మిరపయు పండించు రైతునకు నీటి జాడ తెలిసికొనుట నిత్యకృత్యము. సాగరు కుడికాలువకు నీరు విడిచిన దినమున అతడు గట్టు వెంట నడచిపోవును. తన చేనికి తడి అందినదో, నడుమ ఎక్కడనైన పూడిక అడ్డుపడినదో స్వయముగా చూచుకొనును. మానవశరీరము నందును కాలువలు కలవు. కాని వాని గట్టున నడచుటకు వీలులేదు. శరీరమును కోయకయే ఆ కాలువల జాడ తీయు మార్గమును లోకమునకు చూపిన మహనీయుడు జార్జి హెవెసీ.

హెవెసీ 1885వ సంవత్సరము ఆగస్టు 1వ తేదీన హంగేరీ దేశపు బుడాపెస్టు నగరములో ఒక సంపన్న కుటుంబమున జన్మించెను. జర్మనీలోని ఫ్రైబర్గు విశ్వవిద్యాలయమున 1908లో డాక్టరు పట్టమును పొందెను. 1911లో ఇంగ్లండు నందలి మాంచెస్టరు నగరమునకు పోయి, సుప్రసిద్ధుడగు రూథర్‌ఫర్డు కడ పరిశోధకుడుగా చేరెను.

రూథర్‌ఫర్డు పరిశోధనశాలలో సీసము పెద్దరాశిగా ఉండెను. కిరణములను వెదజల్లు రేడియం-డి అను పదార్థము అందులో కలసి యుండెను. దానిని సీసమునుండి వేరుచేయుమని గురువు శిష్యుని ఆదేశించెను. హెవెసీ తనకు తెలిసిన ఉపాయముల నన్నింటిని ప్రయోగించెను. నెలల తరబడి పాటుపడినను ఫలితము లేకపోయెను. రేడియం-డి సీసమును వీడి రాలేదు. అదియు సీసములోని ఒక రకమే యనియు, రసాయన గుణములలో రెంటికిని భేదము లేదనియు తరువాత తేలెను.

మరియొకడైనచో ఆ పనిని అంతటితో విడిచిపెట్టి యుండును. హెవెసీ తన ఓటమిని గూర్చియే ఆలోచించెను. సీసమునుండి విడదీయ వీలులేని పదార్థము, సీసము పోయిన చోటికెల్ల తానును పోవును గదా! అది వెదజల్లు కిరణములు దాని ఉనికిని తెలుపుచుండును. కావున సీసములో రవ్వంత రేడియం-డి కలిపినచో ఆ సీసము ఎచటికి పోయినను దాని జాడ తెలియును. 1913లో వియన్నా నగరమున పానెత్ అను శాస్త్రజ్ఞునితో కలసి ఆయన ఈ పద్ధతిని ఋజువుచేసెను.

ఆ కాలమునాటి వేడుకయైన ముచ్చట ఒకటి కలదు. మాంచెస్టరులో ఆయన భోజనము చేయు ఇంటి యజమానురాలు మిగిలిన మాంసమునే మరల వండి వడ్డించుచున్నదని ఆయనకు అనుమానము కలిగెను. ఒకనాడు తాను విడిచిన మాంసముపై కిరణపదార్థమును కొంచెము చల్లి వచ్చెను. కొన్ని దినములకు వడ్డించిన వంటకమును పరికరముతో పరీక్షింపగా ఆమె గుట్టు బయటపడెను!

1923లో ఆయన చిక్కుడుజాతి మొక్కలు వేళ్ళతో సీసమును పీల్చుకొను తీరును ఈ పద్ధతితోనే కనుగొనెను. 1935లో కిరణములీను భాస్వరమును ఎలుకల ఆహారమున చేర్చి, ఎముకలలోని పదార్థము సైతము నిరంతరము మారుచుండునని నిరూపించెను. 1943వ సంవత్సరపు రసాయనశాస్త్ర నోబెల్ బహుమతి ఆయనను వరించెను. నాజీల బెడదచే ఆ యేడే డెన్మార్కు విడిచి స్వీడను దేశమున తలదాచుకొనవలసి వచ్చెను.

హెవెసీ చూపిన త్రోవను వైద్యులు అనుసరించిరి. కాలేయమున పుట్టిన పైత్యరసము సన్నని నాళముల ద్వారా ప్రేగులకు చేరవలెను. కొందరు శిశువులలో ఆ నాళములు మూసికొనిపోవును. అట్టి బిడ్డకు కామెర్లు తగ్గవు; మలము సుద్దవలె తెల్లబారును; మూత్రము ముదురు రంగు దాల్చును. నాళములు మూసికొనినవో, కామెర్లకు కారణము వేరొకటియో పైకి చూచి చెప్పుట కష్టము.

అప్పుడు వైద్యులు టెక్నీషియము అను కిరణపదార్థమును, కాలేయము గ్రహించి పైత్యముతో విడుచు మందునకు జోడించి, కొలది మోతాదున బిడ్డ రక్తనాళములోనికి ఎక్కింతురు. ఆరు గంటలకొకసారి దాని శక్తి సగమగుచు త్వరలోనే క్షీణించును. గామా కెమేరా దాని పయనమును చిత్రించును. మందు ప్రేగులలో కానవచ్చినచో త్రోవ తెరచియే యున్నదని అర్థము. 24 గంటలు గడచినను కానరానిచో నాళములు మూసికొనినవేమోయను అనుమానము బలపడును. పిదప ఇతర పరీక్షలతో దానిని నిర్ధారింతురు.

ఇందు కాలమే ప్రాణము. జపాను వైద్యుడు కసాయి 1950 ప్రాంతపు దశాబ్దమున కనిపెట్టిన శస్త్రచికిత్స, బిడ్డకు 60 దినములు నిండకముందే జరిగినచో ఎక్కువగా ఫలించును. ఆకుపసరులతో వారములు గడపినచో కాలేయము గట్టిపడిపోవును. అందుచే పుట్టిన రెండు వారములకును కామెర్లు తగ్గని బిడ్డను వెంటనే వైద్యునికి చూపవలెను.

హెవెసీ 1966వ సంవత్సరము జూలై 5వ తేదీన ఫ్రైబర్గులో కన్నుమూసెను. గురువు చెప్పిన పనిని ఆయన నెరవేర్చలేకపోయెను. కాని ఆ పని ఏల సాగలేదో తెలిసికొనువరకు విడువలేదు. నాటి ఆ పట్టుదలయే నేడు మాటలురాని పసిబిడ్డల రోగమును వైద్యులకు తెలుపుచున్నది.