ఇసే పురపు దారుశిల్పి ఒలోవె

రాతిలో మలచిన ప్రతిమ వేయేండ్లు నిలుచును. కఱ్ఱలో మలచిన ప్రతిమకు అంతటి ఆయువు లేదు. చెదలు, వాన, నిప్పు దానికి నిత్యశత్రువులు. పశ్చిమాఫ్రికాలోని దారుశిల్పులు ఈ సంగతి ఎఱిగియే పనిచేసిరి. పాతబడిన ప్రతిమ శిథిలమైనచో దాని స్థానమున క్రొత్తదానిని చెక్కించుకొనుట అచట పరిపాటి. అట్టి చోట శిల్పి పేరు నిలుచుట అరుదని తోచును. కాని ఒక శిల్పి పేరు మాత్రము నిలిచినది. ఆతడే ఒలోవె.

నేటి నైజీరియా దేశపు నైఋతి భాగమున ఎకితి అను సీమ కలదు. అది యొరూబా జాతివారి నివాసభూమి. ఆ సీమలో దారుశిల్పమునకు పేరువడసిన ఎఫోన్ అలాయె పట్టణమున, సుమారు 1873 ప్రాంతమున, ఒలోవె జన్మించెను. జీవితమున అధికభాగము గడపినది మాత్రము ఇసే పట్టణమున. ఇసే రాజునకు అరింజాలే అని బిరుదము. ఒలోవె ఆ రాజు కొలువున వార్తాహరుడుగా ఉండెను. ఆతని చేతి నేర్పు రాజు కంటబడిన పిదప నగరిలోని శిల్పకార్యము ఆతనికి లభించెను. క్రమముగా ఆతని కీర్తి ఇరుగుపొరుగు సంస్థానములకు వ్యాపించెను.

ఆ దేశమున కఱ్ఱబొమ్మ కేవలము అలంకారమునకై పుట్టినది కాదు. బుర్కినా ఫాసో ప్రాంతపు లోబీ జాతివారు బతేబా అను దారుప్రతిమలను ఇంటి పూజాస్థానమున నిలిపి, అవి కీడును అడ్డగించునని నమ్మిరి. యొరూబా వారిలో కవలలు పుట్టుట ఎక్కువ. కవలల ఆత్మ ఒక్కటియే అని వారి విశ్వాసము. ఇద్దఱిలో ఒకరు మరణించినచో, సోదె చెప్పు పురోహితుని సలహాపై ఇబెజి అను చిన్నబొమ్మను చెక్కించెడివారు. తల్లి ఆ బొమ్మకు నీళ్లు పోసి, బట్టకట్టి, ఆహారము చూపెడిది. పోయిన బిడ్డ అలిగి, ఉన్న బిడ్డను తనతో కొనిపోకుండుటకే ఈ ఉపచారము. శిల్పికిని నియమములు ఉండెడివి. చెట్టును పడగొట్టుటకు ముందు దానికి నైవేద్యము పెట్టవలెను. ఇనుమునకు అధిదేవత ఒగున్. ఆ దేవత అనుగ్రహము లేనిదే గొడ్డలియు, బాడిసయు, ఉలియు మాట వినవని వారి నమ్మకము. ఒలోవె పెరిగినది ఇట్టి వాతావరణమున.

1910, 1914 సంవత్సరముల నడుమ ఇకెరె రాజగు ఒగోగా నగరికై ఆతడు తలుపులను, వసారా స్తంభములను చెక్కెను. ఒక స్తంభమున రాజు సింహాసనముపై కూర్చుండియుండును; పట్టపురాణి వెనుక నిలుచుండి ఉండును. రాజు మూర్తికంటె రాణి మూర్తియే పెద్దది. దీనికి కారణము లేకపోలేదు. పట్టాభిషేక సమయమున రాజు శిరస్సున కిరీటముంచునది పెద్దరాణియే. కిరీటాగ్రమున నున్న పక్షి వయోవృద్ధలగు స్త్రీల గూఢశక్తికి చిహ్నము. సింహాసనమున ఉన్నది పురుషుడే అయినను, ఆతని వెనుక నున్న బలము ఎవరిదో శిల్పి మాట లేకయే తెలిపినాడు.

అదే నగరి తలుపు కథ మఱింత గమనింపదగినది. ఒక ఱెక్కపై ఒగోగా ఆసీనుడై ఉండును. రెండవ ఱెక్కపై బ్రిటిష్ అధికారి కూలీలు మోయు పల్లకీలో వచ్చుచుండును. మూర్తులు పలక నుండి చాల ముందునకు పొడుచుకొని, తలలు చూపఱులవైపు త్రిప్పుకొని ఉండును. 1924లో లండన్ నగరపు వెంబ్లీలో జరిగిన బ్రిటిష్ సామ్రాజ్య ప్రదర్శనమునకు ఈ తలుపును తీసికొనిపోయిరి. బ్రిటిష్ మ్యూజియమువారు దానిని కొనగోరిరి. ఒగోగా అమ్ముటకు అంగీకరింపలేదు. తుదకు ఇంగ్లండులో చేయించిన ఒక సింహాసనమును పుచ్చుకొని తలుపును వారికి వదలెను. నగరికి వేఱొక తలుపును ఒలోవెయే చెక్కి ఇచ్చెను. పరపాలకుడు తమ ముంగిట అడుగిడిన వృత్తాంతమును తెలుపు తలుపు ఆ పాలకుల రాజధానికే చేరినది. దానికి బదులుగా రాజు కూర్చుండుటకు వారి పీఠము వచ్చినది. ఈ మారకమున ఎవరికెంత దక్కెనో విద్యార్థులు ఆలోచింపదగును.

ఒలోవె చెక్కిన మూతపాత్ర ఒకటి నేడు వాషింగ్టన్ నగరపు జాతీయ ఆఫ్రికా కళాశాలలో ఉన్నది. మోకరిల్లిన మూర్తులు పాత్రను మోయుచుండును. మూతపై వనితలు నాట్యమాడుచుందురు. అడుగున, మూర్తుల నడుమ బందీయైన ఒక తల ఇటునటు దొర్లుచుండును. ఆ తలను వేఱుగా చెక్కి లోపల పెట్టలేదు. అదే మ్రానిలో, ఆ మూర్తుల సందులనుండియే ఉలిని పోనిచ్చి విడదీసినాడు. ఇట్టి పాత్ర అతిథులకు కోలాకాయలు అందించి గౌరవించుటకు ఉద్దేశింపబడినది.

ఒలోవె 1938లో మరణించెను. పాశ్చాత్య వస్తుశాలలు చాలకాలము ఆఫ్రికా శిల్పములకు జాతి పేరు వ్రాసికొని, శిల్పి పేరు వదలివేసినవి. బ్రిటిష్ మ్యూజియమున పనిచేసిన విలియం ఫ్యాగ్ వంటి పండితుల కృషిచే ఒలోవె పనితనము వేఱుగా గుర్తింపబడెను. అయితే ఆతని సొంతవారు ఆతనిని మఱవనేలేదు. యొరూబా వారిలో ఒరికి అను ప్రశంసాగానము కలదు. 1988లో, భర్త పోయిన యేబదియేండ్లకు, ఆతని భార్యలలో ఒకామె ఆతని ఒరికిని పాడగా జాన్ పెంబర్టన్ అను పండితుడు సేకరించెను. చేవగల ఇరోకో మ్రానిని ఒలోవె లొంగదీసిన తీరును ఆమె అందులో కొనియాడినది. ఆతడు ఏయే ఊళ్ల నగరులకు పనిచేసెనో కూడ ఆ గానమువలన తెలియవచ్చినది. పదేండ్లకు, 1998లో, వాషింగ్టన్ కళాశాల ఒలోవె శిల్పములకే ప్రత్యేకముగా ఒక ప్రదర్శనమును ఏర్పాటు చేసెను.

గ్రంథములు వ్రాసిపెట్టనిదానిని ఒక వృద్ధురాలి కంఠము అర్ధశతాబ్దము కాపాడినది. పేరు తెలియని శిల్పమును చూచినపుడు, శిల్పికి పేరు లేదని తలపరాదు. ఆ పేరు తెలిసినవారిని మనము ఇంకను అడుగలేదని తలపవలెను.