క్షతగాత్రుల అన్నదాత్రి ఫ్లారెన్స్ నైటింగేల్

చేత దీపం ధరించి రాత్రివేళ రోగుల మంచాల నడుమ సంచరించిన స్త్రీమూర్తిగా ఫ్లారెన్స్ నైటింగేల్‌ను ఎరుగనివారు అరుదు. గాయపడినవానికి కట్టు ఎంత అవసరమో తగిన ఆహారమూ అంతే అవసరమని ఆమె ఆచరణలో చూపిన సంగతి మాత్రం అంతగా ప్రచారంలోకి రాలేదు. ఆ దృష్టితో ఆమె జీవితాన్ని పాఠకుల ముందుంచదలచినాము.

ఆమె 1820 మే 12న ఇటలీలోని ఫ్లారెన్స్ నగరంలో సంపన్నులైన ఆంగ్ల దంపతులకు జన్మించారు. పుట్టిన ఊరి పేరే ఆమె పేరైనది. ఆ కాలమున ఆసుపత్రి సేవ కులీన స్త్రీలకు తగనిదని భావించేవారు. ఇంటివారు ఎంత వారించినను ఆమె సంకల్పం వీడక 1851లో జర్మనీలోని కైజర్స్‌వెర్త్‌లో శిక్షణ పొందారు. 1853లో లండన్‌లో ఒక చిన్న ఆసుపత్రికి పర్యవేక్షకురాలైనారు.

క్రిమియా యుద్ధంలో బ్రిటన్, ఫ్రాన్సులు తురుష్కుల పక్షాన రష్యాతో పోరాడినవి. 1854 నవంబరులో ఆమె 38 మంది నర్సులతో ఇస్తాంబుల్ ఎదుటి తీరమున ఉన్న ఉస్కుదార్ సైనికాసుపత్రి చేరుకున్నారు. ఆంగ్లేయులు ఆ ఊరిని స్కుటారి అని పిలిచేవారు. అక్కడ మాంసాన్ని ఎముకలతోసహా తూచి పంచేవారు. కొందరి వంతుకు ఎముక మాత్రమే వచ్చేది. ఎవరి భాగం వారు గుర్తుపట్టుటకు గుడ్డముక్కో మేకో కట్టి, పెద్ద గంగాళాలలో ఉడికించేవారు. ఒక భాగం ఉడికితే మరొకటి పచ్చిగానే మిగిలేది. నమలలేనివానికీ, జ్వరపీడితునికీ ఇదే భోజనం.

ఆమె పథ్యాహారానికి వేరుగా వంటశాలలు నెలకొల్పి, బలహీనులకు ఆరారూట్ జావ, మాంసరసం వంటివి వేళకు అందించారు. 1855లో సుప్రసిద్ధ ఫ్రెంచి వంటగాడు అలెక్సిస్ సోయర్ స్వచ్ఛందంగా వచ్చి పాకశాలలను చక్కదిద్దినాడు.

ఆకలికి కారణం ఎల్లప్పుడూ కొరత కాదు. దాదాపు 20,000 పౌన్ల నిమ్మరసం 1854 డిసెంబరులో బాలక్లావా రేవుకు చేరినది. దానిని దినసరి రేషనులో చేర్చుమన్న ఉత్తర్వు లేదన్న కారణంతో 1855 ఫిబ్రవరి వరకు అది గిడ్డంగిలోనే ఉండిపోయినది. అదే సమయంలో సైనికులు స్కర్వీతో బాధపడుచుండిరి. విటమిన్ సి లోపించిన దేహంలో గాయాన్ని అతికించు కొల్లాజెన్ సరిగా తయారు కాదని నేటి శాస్త్రం చెప్పుచున్నది. జాన్ క్రాండన్ అను అమెరికన్ యువవైద్యుడు ఆరు నెలలు ఆ విటమిన్ లేని ఆహారం తిని తన శరీరం మీదనే పరీక్షించుకున్నాడు. మూడవ నెలలో చేసిన కోత మానినది. ఆరవ నెలలో చేసినది లోపల మానలేదు. ఈ ఫలితం 1940లో వెలువడినది.

ఆహారమొక్కటే సర్వస్వమని నైటింగేల్ భ్రమపడలేదు. స్కుటారిలో 1855 ఫిబ్రవరిలో నూటికి సుమారు 42గా ఉన్న మరణాలు జూన్ నాటికి 2కు తగ్గుటకు మురుగును, గాలిని బాగుచేసిన పారిశుద్ధ్య సంఘం కృషి ప్రధాన కారణమని ఆమె తరువాత గణాంకాల ద్వారా గ్రహించి చాటినారు. శుభ్రత లేనిచోట అన్నం రక్షించదు. అన్నం లేనిచోట శుభ్రత చాలదు.

1859లో ముద్రితమైన పరిచర్యా గ్రంథంలో ఆమె ఆహారానికి రెండు ప్రకరణాలు కేటాయించారు. బలహీనుడు ఒక్కసారిగా తినలేడు గనుక కొద్దికొద్దిగా, గంటగంటకు చెంచాతో ఇవ్వవలెనని, తినని పళ్లెమును రోగి ప్రక్కన వదలరాదని, భోజన సమయంలో వ్యవహారాలు మాట్లాడరాదని బోధించారు. మాంసరసంలో జనులు తలచినంత పుష్టి లేదనీ హెచ్చరించారు.

ఆమె భారతదేశంలో అడుగు పెట్టలేదు. అయినను 1876–78 నాటి దక్షిణాది కరవు ఆమెను కలచివేసినది. గోదావరిపై ధవళేశ్వరం ఆనకట్ట నిర్మించిన సర్ ఆర్థర్ కాటన్ నీటిపారుదల వాదానికి ఆమె అండగా నిలిచి, వ్రాతలతో పాలకులను నిలదీసినారు. 1907లో ఆర్డర్ ఆఫ్ మెరిట్ పొందిన తొలి మహిళయైన ఆమె 1910 ఆగస్టు 13న కన్నుమూసినారు.

నేటికీ మన ఇండ్లలో ఎవరికైనా గాయమైనా, శస్త్రచికిత్స జరిగినా పప్పు తింటే చీము పడుతుందని, గుడ్డు, మాంసం వద్దని, చారన్నంతో సరిపెట్టుట కనుచున్నాము. కొత్త కండ, కొత్త చర్మం కట్టుటకు మాంసకృత్తులే ముడిసరుకు. పప్పు, గుడ్డు, పాలు, చేప, మాంసం వానినిచ్చును. ఉసిరి, జామ, నిమ్మ విటమిన్ సి నిచ్చును. మధుమేహం, మూత్రపిండ వ్యాధి వంటివి ఉన్నవారు వైద్యుని అడిగి తినవలెను. తక్కినవారికి అపోహతో పెట్టు పథ్యం గాయానికి శత్రువే.

రేపు వైద్యులు, నర్సులు, గృహస్థులు కాబోవు మన విద్యార్థులు రోగిని పరామర్శింప వెళ్లినపుడు కట్టుతోపాటు కంచమును కూడ చూడవలెనని, అందు మిగిలినదేమో, ఎందుకు మిగిలినదో విచారింపవలెనని మేము కోరుచున్నాము.