విద్యాసుందరి బెంగళూరు నాగరత్నమ్మ

మన చింతామణి తాలూకా పల్లెల భజన గోష్ఠులలో కైవారము తాతయ్యగారి తెలుగు కీర్తనలు వినబడుచుండును. ఇంట తెలుగు, అంగడిలో కన్నడము పలుకు మన పిల్లలకు, ఈ రెండు భాషల నడుమనే పెరిగి సంగీతమునకు సర్వస్వము నర్పించిన యొక మహిళ చరితమును తెలుపుట మాకు సంతోషము.

నాగరత్నమ్మ 1878లో మైసూరు సీమలోని నంజనగూడున దేవదాసీ కుటుంబమున జన్మించెను. తల్లి పుట్టలక్ష్మి పేదరికములో సైతము కుమార్తెకు చదువును సంగీతమును మాన్పింపలేదు. ఆ తల్లి చిన్ననాడే గతించినను బాలిక విద్య నిలువలేదు. సంస్కృతము, కన్నడము, తెలుగు నేర్చెను. త్యాగరాజస్వామి శిష్యపరంపరలోని గురువు నొద్ద గానము నభ్యసించెను. బెంగళూరులోను, పిమ్మట మద్రాసులోను కచేరీలు చేసి కీర్తిని, ధనమును గడించెను. ముద్దుపళని తెలుగు కావ్యమగు రాధికాసాంత్వనమును పరిష్కరించి 1910లో ప్రకటించెను. ప్రభుత్వము దానిని నిషేధించెను. 1947లో గాని ఆ నిషేధము తొలగలేదు.

1847లో సిద్ధిపొందిన త్యాగరాజస్వామి సమాధి తిరువైయారున కావేరి యొడ్డున పాడుపడి యున్నదని మైసూరు విద్వాంసులు బిడారం కృష్ణప్పగారి వలన ఆమెకు తెలియవచ్చెను. వెంటనే ఆ స్థలమును సంపాదించి, తన నగలమ్మి, 1921లో పునాది వేయించెను. 1925 జనవరిలో ఆలయ ప్రతిష్ఠ జరిగెను.

అయినను, ఆమె కట్టించిన గుడియెదుటనే ఆరాధనలో స్త్రీలు పాడుటకు నాటి నిర్వాహకులు సమ్మతింపలేదు. ఆమె గుడిని విడిచి పోలేదు. వారిని దూషించుచు కూర్చుండలేదు. 1927లో గాయనీమణులను కూడగట్టి వేరుగా ఆరాధన నడపెను. 1940వ దశాబ్ది తొలినాళ్లలో విడివిడిగా నున్న పక్షములన్నియు ఒక్కటాయెను. కడపటి దినములు తిరువైయారుననే గడపి, తన యాస్తిని ఆ సమాధి నిమిత్తమే ధర్మముగా వ్రాసి, 1952 మే 19న ఆమె కన్నుమూసెను. స్వామి సన్నిధికి చేరువనే ఆమె సమాధియు నున్నది.

నేడు పుష్య బహుళ పంచమినాడు స్త్రీపురుషులు కలిసి కూర్చుండి అచ్చట పంచరత్న కీర్తనలను పాడుచున్నారు. అందొకటి సంస్కృతము; తక్కిన నాలుగును తెలుగు. పాడువారిలో పెక్కురకు తెలుగు మాతృభాష కాదు. అయినను శ్రద్ధతో నేర్చి పాడుదురు. ఆ గానము వినబడునపుడు తలిదండ్రులు కొడుకులను, కూతుళ్లను సమానముగా ప్రక్కన కూర్చుండబెట్టుకొని, తెలిసిన మాటల కర్థము చెప్పవలయును. తెలియని మాటలను పిల్లలు వ్రాసికొని బడికి తెచ్చినచో మేము సంతోషముతో వివరింతుము.