వెలిసిన బట్ట విప్పి చూసిన పిల్ల

మా పక్కింటి అమ్మాయి జపాన్ నుంచి వస్తూ నాకో చేసంచి తెచ్చింది. ముదురు నీలం మీద తెల్లటి చుక్కలు. చూడగానే పోచంపల్లి అనేశాను. ఆ పిల్ల పకపకా నవ్వింది. నేను ఊరుకోకుండా సంచి తిరగేశాను. బట్ట ఏదైనా లోపలివైపు చూడందే కొనకూడదని మా అమ్మ నేర్పిన అలవాటు. ముందుకీ వెనక్కీ తేడా లేదు. అంటే అద్దకం కాదన్నమాట. నేయకముందే పోగులకి కట్లు కట్టి రంగులో ముంచారు. మన పోచంపల్లి, పుట్టపాకల్లో చేసేదీ ఇదే కదా! జపాన్‌లో దీన్ని కసూరి అంటారట. ఆ కసూరి వివరాలు వెతుకుతుంటే నాకు దొరికిన మనిషి ఇనోవె డెన్.

జపాన్ దక్షిణాన క్యూషు దీవిలో కురుమె అనే ఊరుంది. అక్కడ ఓ బియ్యం వర్తకుడి ఇంట్లో, వాళ్ళ పాత లెక్క ప్రకారం 1788 సంవత్సరం ఆఖర్లో పుట్టిందీమె. చిన్నతనంలోనే మగ్గం పట్టింది.

ఆమెకి 12, 13 ఏళ్ళుంటాయేమో. ఓ పాత నీలిబట్ట కంటబడింది. ఉతికి ఉతికి అక్కడక్కడా రంగు వెలిసి తెల్లటి మచ్చలు తేలాయి. మనమైతే ఏం చేస్తాం? మసిగుడ్డకి పడేస్తాం. ఈ పిల్ల కూర్చుని పోగు పోగూ విప్పింది. ఏ పోగు మీద ఎక్కడ తెలుపు మిగిలిందో చూసుకుంది. కొత్త తెల్లనూలు తీసుకుని సరిగ్గా ఆ చోట్లలో దారంతో బిగించి కట్టింది. నీలిమందులో ముంచి, ఆరాక కట్లు విప్పి నేసింది. నీలాకాశంలోంచి మంచు రాలుతున్నట్టు తెల్లచుక్కలు పడ్డాయి.

ఇలాంటి నేత అప్పటికే మన దేశంలోనూ, జపాన్‌కి దక్షిణాన ఉన్న ర్యుక్యు దీవుల్లోనూ ఉంది. అయితే డెన్‌కి ఎవరూ నేర్పలేదు, ఆ పాతబట్టే గురువు.

21 ఏళ్ళకి పెళ్ళయింది. ఇద్దరు కొడుకులు, ఒక కూతురు. 28 ఏళ్ళకే భర్త పోయాడు. ముగ్గురు పసివాళ్ళతో ఆ ఇంటికి ఇక మగ్గమే ఆధారం. నన్ను ఆపేసింది ఇక్కడే. చేతిలో ఉన్న ఒక్క విద్యనీ దాచుకోవలసిన పరిస్థితి కాదూ? మంచి ఆవకాయ పాళ్ళు కూడా పక్కింటికి చెప్పని వాళ్ళం మనలో ఎంతమంది లేం! ఆమె మాత్రం అడిగిన వాళ్ళందరికీ నేర్పింది. ఆమెకి 40 ఏళ్ళు వచ్చేసరికి నేర్చుకున్నవాళ్ళు వెయ్యి దాటారనీ, వాళ్ళలో 400 మంది దాకా సొంతంగా మగ్గాలు పెట్టుకున్నారనీ చెబుతారు.

చుక్కలతో సరిపెట్టుకునే మనిషి కూడా కాదు. బట్టలో బొమ్మలు రావాలని పట్టుబట్టింది. అదే ఊళ్ళో తనకా హిసషిగె అని 15 ఏళ్ళ కుర్రాడు, యంత్రాలంటే పిచ్చి. ఆమె అతన్ని సాయమడిగింది. అతను తల బద్దలు కొట్టుకుని బొమ్మల నేతకి ఓ ఉపాయం చేసిపెట్టాడు. ఆ కుర్రాడే పెద్దయ్యాక 1875లో టోక్యోలో పెట్టిన కార్ఖానా పెరిగి పెరిగి తోషిబా అయింది!

డెన్ 1869లో పోయింది, దాదాపు 80 ఏళ్ళు బతికి. 1877లో క్యూషులో తిరుగుబాటు జరిగినప్పుడు అక్కడికొచ్చిన సైనికులు ఇళ్ళకి వెళుతూ కురుమె బట్ట కొనుక్కుపోయారు. దాంతో దేశమంతా పాకింది. పొలం పనుల్లో ఆడవాళ్ళు తొడుక్కునే మోంపె అనే లాగులకీ ఈ బట్టే వాడారు.

1957లో జపాన్ ప్రభుత్వం ఈ విద్యని కాపాడుకోవలసిన సంపదల్లో చేర్చింది. అందుకు మూడు షరతులు: కట్లు చేత్తోనే కట్టాలి, అసలైన నీలిమందే వాడాలి, చేమగ్గం మీదే నేయాలి. ఆ రంగు వేయడమూ తేలిక పనేం కాదు. నీలి తొట్టిలో ముంచడం, పిండడం, కట్టు కింద తప్ప మిగతా నూలంతా లోపలిదాకా నీలం పట్టాలని నేలకేసి కొట్టడం, మళ్ళీ ముంచడం. ఇలా పదులసార్లు. నేసేటప్పుడు పడుగు మీది తెలుపూ పేక మీది తెలుపూ కలిసేలా పోగు పోగూ సర్దుకోవాలి.

నా చేసంచి ఆ మూడో షరతుకి నిలవదేమో. దాని ధర విన్నాక మరమగ్గం మీద నేసిందే అయ్యుంటుందనిపించింది. అయినా కూరలకి తీసుకెళ్ళడానికి చేతులు రావడం లేదు.