26 తుపాకులు, 20 నెలలు: అల్లూరి లెక్క

గ్రూప్స్‌కో, కానిస్టేబుల్ పరీక్షకో చదువుతున్నవాళ్లకి ఈ మూడు తేదీలు నోటికొచ్చే ఉంటాయి. 1922 ఆగస్టు 22 చింతపల్లి, 23 కృష్ణదేవిపేట, 24 రాజవొమ్మంగి. అల్లూరి సీతారామరాజు వరసగా మూడు రోజులు మూడు పోలీస్ స్టేషన్ల మీద పడి ఆయుధాలు పట్టుకెళ్లిన తేదీలివి. పరీక్షలో ఒక మార్కు వస్తుంది. దాంతో మన పని అయిపోయిందని పేజీ తిప్పేస్తాం.

ఈసారి తిప్పకండి. ఆ మూడు రోజుల్లో చేతికొచ్చిన సరుకెంత, అది ఎన్నాళ్లు సరిపోవాలి, అయిపోతే మళ్లీ ఎక్కడ దొరుకుతుంది? ఆయన్ని 20 నెలలు నిలబెట్టిందీ ఈ లెక్కే, చివర్లో చేతులు కట్టేసిందీ ఈ లెక్కే. ఉద్యోగాల వేటలో ఉన్న మీకు తేదీల కంటే ఈ లెక్కే ఎక్కువ పనికొస్తుంది.

సర్టిఫికెట్ లేని కుర్రాడు

అల్లూరి సొంతూరు భీమవరం దగ్గరి మోగల్లు. పుట్టింది మాత్రం అమ్మమ్మగారి వైపు, విశాఖ జిల్లా పాండ్రంగిలో, 1897 జులై 4న. తండ్రి వెంకటరామరాజు రాజమండ్రిలో ఫొటోగ్రాఫర్. 1908 గోదావరి పుష్కరాల్లో కలరా సోకి ఆయన చనిపోయారు. అప్పటికి రామరాజుకి 11 ఏళ్లు. ఇంట్లో సంపాదించే మనిషి పోతే ఏమవుతుందో మీలో కొందరికి ఎవరూ చెప్పక్కర్లేదు. ఊరు మారింది, ఊరితోపాటు బడీ మారింది. భీమవరం, నరసాపురం, కాకినాడ, తుని, విశాఖ... ఇలా తిరిగారు. నరసాపురంలో టేలర్ హైస్కూల్, కాకినాడలో పిఠాపురం రాజావారి విద్యాసంస్థ. కాకినాడలో మద్దూరి అన్నపూర్ణయ్య ఆయనకి క్లాస్‌మేట్. నరసాపురంలో తహసీల్దారుగా ఉన్న బాబాయి రామకృష్ణంరాజు చదివించాలని గట్టిగానే చూశారు. కానీ పరీక్షలు కలిసిరాలేదు, హైస్కూల్ చదువు పూర్తి కాలేదు.

అలాగని ఊరికే కూర్చోలేదు. గుర్రపు స్వారీ నేర్చుకున్నారు. సంస్కృతం, జ్యోతిషం, మూలికా వైద్యం పట్టుదలగా చదివారు. 1916లో ఉత్తర దేశ యాత్రకి బయల్దేరి, తిరిగొచ్చాక 1917లో కృష్ణదేవిపేట చేరారు. సర్టిఫికెట్‌కి అక్కరకు రాని ఈ విద్యలే కొండ మీద ఆయనకి పరపతి తెచ్చిపెట్టాయి. జ్వరానికి మందిచ్చే మనిషి మాట ఊళ్లో ఎవరైనా వింటారు కదా.

కొండ మీద కష్టమేంటి?

మైదానం నుంచి చూస్తే ఏజెన్సీ అంటే పచ్చటి కొండలు. అక్కడ బతికేవాళ్లకి అప్పట్లో అడవి అంటే కేసు. 1882 మద్రాసు అటవీ చట్టం వచ్చాక పోడు కొట్టుకోవడానికీ, కలప, పశువుల మేత తెచ్చుకోవడానికీ అడ్డంకులే. దానికి తోడు గూడెం డిప్యూటీ తహసీల్దార్ బాస్టియన్ నర్సీపట్నం, లంబసింగి మధ్య రోడ్డు వేయిస్తూ కూలీలని పిండేశాడు. చెప్పిన కూలి ఒకటి, చేతిలో పెట్టింది ఇంకోటి.

అల్లూరి మొదట ఎత్తుకున్నది తుపాకీ కాదు. సహాయ నిరాకరణ రోజుల్లో మద్యం మానమని, తగాదాలు కోర్టుకెళ్లకుండా పంచాయతీల్లోనే తేల్చుకోమని ఊరూరా చెప్పారు. పోలీసులకి అనుమానం వచ్చింది, నిఘా పెట్టారు. పోలవరం డిప్యూటీ కలెక్టర్ ఫజలుల్లా ఖాన్ మంచిగానే చూసి పైడిపుట్టలో భూమి ఇప్పించారు. అక్కడే సేద్యం చేసుకుంటూ ఉండిపోతే ఆయన పేరు మనకి తెలిసేది కాదేమో. కానీ బాస్టియన్ బాధితులైన గాం గంటందొర, గాం మల్లుదొర లాంటివాళ్లు ఆయన వెంట నడిచారు. 1922 ఆగస్టు నాటికి విన్నపాల దారి మూసుకుపోయింది.

విల్లు, నాటు తుపాకీ, పోలీసు తుపాకీ

ఆ రోజుల్లో కొండ మీద దొరికే ఆయుధాలని పక్కపక్కన పెట్టి చూడండి.

విల్లు అడవిలో దొరికే వాటితోనే తయారవుతుంది. చప్పుడు చేయదు. బాణం పోతే మళ్లీ చెక్కుకోవచ్చు. చిన్నప్పట్నుంచీ చేతికి అలవాటు. కాకపోతే దూరం తక్కువ, ఎదుటివాడి చేతిలో రైఫిల్ ఉంటే కష్టం.

నాటు తుపాకీకి గొట్టం మూతిలోంచి మందు పోయాలి, గుళ్లు వేయాలి, కడ్డీతో కూరాలి. ఒకసారి పేల్చాక మళ్లీ ఇదంతా చేయాల్సిందే. వానాకాలంలో మందు తడిస్తే అంతే సంగతులు. 1878 ఆయుధాల చట్టం ప్రకారం దీనికీ లైసెన్సు కావాలి.

పోలీసు తుపాకీకి మందు, గుండు, నిప్పురవ్వ పుట్టించే మూత అన్నీ ఒకే తూటాలో ఉంటాయి. వెనక నుంచి పెట్టి పేల్చేయొచ్చు. వానకి అంతగా భయపడక్కర్లేదు, దూరం కూడా ఎక్కువ. మరి లోటు ఎక్కడ? ఆ తూటా ఊళ్లో కమ్మరి చేసిచ్చేది కాదు. సర్కారు గోదాములోంచే రావాలి. అంటే శత్రువు దగ్గరే కొనాలి, లేదా లాక్కోవాలి.

పోలీస్ స్టేషన్లనే ఎందుకు ఎంచుకున్నారో ఇప్పుడు అర్థమవుతుంది. తుపాకీ, తూటా రెండూ ఒకే చోట దొరికేది అక్కడే. చింతపల్లిలో 11 తుపాకులు, 1,390 తూటాలు, 5 కత్తులు, 14 బాయొనెట్లు దొరికాయి. కృష్ణదేవిపేటలో 7 తుపాకులు, రాజవొమ్మంగిలో 8 తుపాకులు, 825 తూటాలు. రాజవొమ్మంగిలో నిర్బంధంలో ఉన్న వీరయ్యదొరని కూడా విడిపించారు. తీసుకున్న వాటిని స్టేషన్ పుస్తకంలో రాసి సంతకం పెట్టడం ఆయన పద్ధతి. ధైర్యం సంగతి అలా ఉంచండి, లెక్క రాసే అలవాటు చూడండి.

మొత్తం 26 తుపాకులు, 2,500కి పైగా తూటాలు. భాగించండి. తుపాకీకి వందకి కాస్త అటూ ఇటూ. రోజుకి పది చొప్పున పేలిస్తే పది రోజుల్లో ఖాళీ. వెంట నడిచినవాళ్లు వందల్లో ఉన్నారు, తుపాకులు 26. ఎక్కువమంది చేతిలో విల్లే ఉండాలి, ఉంది కూడా.

అదే ఏడాది అమెరికాలో

కాసేపు సముద్రం దాటి వద్దాం. అల్లూరి పుట్టిన 1897లోనే అమెరికాలో జాన్ బ్రౌనింగ్ రూపొందించిన వించెస్టర్ మోడల్ 1897 బజారులోకి వచ్చింది. ఇది పంప్ యాక్షన్ షాట్‌గన్. గొట్టం కింద ఉన్న పిడిని వెనక్కి లాగితే ఖాళీ తూటా బయటికి ఎగిరిపోతుంది, ముందుకి తోస్తే కొత్తది లోపలికి వెళ్తుంది. సైకిల్ పంపు కొట్టినట్టే. మొదటి ప్రపంచ యుద్ధంలో అమెరికా సైనికులు కందకాల్లో దీన్ని వాడితే, 1918లో జర్మనీ ఇది అన్యాయమని నిరసన తెలిపింది.

ఆ రకం తుపాకులు కొనేవాళ్లు అక్కడ ఇప్పటికీ వాదించుకుంటూనే ఉంటారు. 1950లో వచ్చిన రెమింగ్టన్ 870 మంచిదా, ఆ తర్వాత ఓ పదేళ్లకి వచ్చిన మాస్‌బర్గ్ 500 మంచిదా అని. మొదటిదాని ఒళ్లు ఉక్కు, బరువుగా గట్టిగా ఉంటుంది. రెండోదాని ఒళ్లు అల్యూమినియం, మోయడానికి తేలిక. మొదటిదానికి సేఫ్టీ బటన్ ట్రిగ్గర్ దగ్గర ఉంటుంది. రెండోదానికి పైన, బొటనవేలికి అందేలా ఉంటుంది, ఎడమచేతి వాటం వాళ్లకీ ఇబ్బంది లేదు. రెండూ పనిచేసేవే. మరి ఒకాయన ఒకటే ఎందుకు ఇష్టపడతాడు? చేతికి అలవాటైంది, విడిభాగాలు దొరుకుతాయి, పాడైతే బాగుచేయడం తెలుసు, తన పనికి సరిపోతుంది. కారణాలు తిప్పితిప్పి ఈ నాలుగింటి దగ్గరికే వస్తాయి.

ఇప్పుడు ఊహించుకోండి. అలాంటి పంప్ తుపాకులే 26 అల్లూరి చేతికొచ్చి ఉంటే? వేగం పెరిగేది నిజమే. తూటాలు ఇంకా తొందరగా అయిపోయేవి. షాట్‌గన్ గుళ్లు దగ్గరి గురికే గానీ లోయకి అవతలి గట్టు దాకా పోవు. పైగా ఆ తూటాలు చింతపల్లి స్టేషన్‌లో దొరికేవి కావు. అమెరికా కందకంలో గొప్పదనిపించుకున్నది గూడెం కొండ మీద ఇనుప కడ్డీలా మిగిలేది. ఏ ఆయుధం మంచిదన్న ప్రశ్నకి విడిగా జవాబు లేదు. ఎక్కడ, ఎవరి చేతిలో, దేని మీద అని కలిపి అడగాలి.

దామనపల్లి ఘాట్‌లో

1922 సెప్టెంబర్ 24. దామనపల్లి ఘాట్‌లో పోలీసు దళం వరసగా నడిచి వస్తోంది. కొండదారి ఇరుకు, రెండు పక్కలా చెట్లు. పొంచి ఉన్న అల్లూరి మనుషులు ముందు నడుస్తున్న మన దేశపు పోలీసులని వదిలేశారు. వెనక వస్తున్న ఇంగ్లీషు అధికారులు స్కాట్ కవర్డ్, హైటర్ మీదే కాల్చారు. ఇద్దరూ అక్కడే చనిపోయారు.

మన దేశపు పోలీసుల్ని చంపకూడదన్నది ఆయన పెట్టుకున్న నియమం. అదే నియమం తూటాల్నీ మిగిల్చింది. ఉన్నది తక్కువ కాబట్టి దారి తెలిసిన చోట, దగ్గరగా, ఎవరి మీద పేల్చాలో ముందే అనుకుని పేల్చారు. ఆయుధం బలం సర్కారుది, ఆ దారి తెలిసిన బలం కొండవాళ్లది.

లెక్క తప్పడం మొదలైంది

సర్కారుకి కూడా లెక్క తెలుసు. అక్టోబర్ 15న అల్లూరి పట్టపగలు అడ్డతీగల స్టేషన్‌కి వెళ్లారు. స్టేషన్ చేతికి చిక్కింది గానీ తుపాకులు లేవు, ముందే తరలించేశారు. 19న రంపచోడవరంలోనూ అంతే. జనం బ్రహ్మరథం పట్టారు, సరుకు మాత్రం దొరకలేదు. తర్వాత మలబార్ స్పెషల్ పోలీసులు దిగారు. డిసెంబర్ 6న పెదగడ్డపాలెం దగ్గర ఎదురుపడినప్పుడు చెట్ల చాటు లేదు, పొలాలు. అల్లూరి వైపు పలువురు చనిపోయారు. కొండ మీద పనికొచ్చిన బలం చదును నేల మీద పనిచేయలేదు.

ఆ తర్వాత నాలుగు నెలలు ఆయన జాడ లేదు. 1923 ఏప్రిల్ 17న ఉన్నట్టుండి అన్నవరంలో కనిపించారు. కొండెక్కి సత్యనారాయణస్వామిని దర్శించుకున్నారు. పోలీస్ స్టేషన్‌కీ వెళ్లారు, అక్కడా ఆయుధాలు దొరకలేదు. అంటే మొదటి మూడు రోజుల సరుకే ప్రధాన ఆధారంగా ఏడాదిన్నరకి పైగా నెట్టుకొచ్చారన్నమాట.

1924 జనవరిలో అస్సాం రైఫిల్స్ వచ్చాయి. ఏప్రిల్‌లో రూథర్‌ఫర్డ్‌ని స్పెషల్ కమిషనర్‌గా వేశారు. తలకి 10,000 రూపాయల వెల కట్టారు. దళానికి అన్నం పెడుతున్నారని ఊళ్ల మీద ఒత్తిడి పెరిగింది. విల్లు అడవిలో దొరుకుతుంది, తూటా లాక్కోవచ్చు, బియ్యం మాత్రం ఊరి నుంచే రావాలి. ఆ దారి మూసుకుపోతోంది, తన వల్ల ఊళ్లు నలిగిపోతున్నాయి. ఆ మే నెలలో దళంలో ముఖ్యుడైన అగ్గిరాజు దొరికిపోయారు. మే 7న అల్లూరిని మంప దగ్గర పట్టుకుని, కొయ్యూరులో చెట్టుకి కట్టి కాల్చేశారు. విచారణ లేదు, కోర్టు లేదు. అప్పటికి ఆయనకి 27 నిండలేదు. నెల తిరక్కుండానే గంటందొర కూడా పోలీసుల చేతిలో చనిపోయారు.

2022లో ఏజెన్సీలో ఆయన పేరుతో జిల్లా ఏర్పడింది. అదే ఏడాది జులై 4న 125వ జయంతికి భీమవరంలో 30 అడుగుల విగ్రహం పెట్టారు. సెల్ఫీ దిగండి, తప్పులేదు.

మీ చేతిలో ఏముంది?

దిగాక ఒక్కసారి మీ సంగతి చూసుకోండి. పక్కింటి అబ్బాయి అమీర్‌పేటలో ఏదో కోర్సు చేరాడని మీరూ చేరిపోతున్నారా? చేరేముందు ఆ నాలుగు ప్రశ్నలే వేసుకోండి. ఇది నా చేతికి అలవాటయ్యేదేనా? కోర్సు అయిపోయాక కూడా నేర్చుకోడానికి, సాధన చేయడానికి దారి ఉందా, లేక ఫీజు కట్టినన్నాళ్లేనా? ఎక్కడైనా ఆగిపోతే నాకు నేను సరిచేసుకోగలనా? నేను వెళ్లాలనుకుంటున్న ఉద్యోగంలో దీంతో నిజంగా పని ఉందా?

ఇప్పటికే మీ దగ్గర ఉన్నదాన్నీ కాగితం మీద రాయండి. ఎన్ని నెలల ఖర్చుకి డబ్బుంది, ఎన్ని అటెంప్ట్‌లు మిగిలాయి, ఇంట్లోవాళ్లు ఎన్నాళ్లు మోయగలరు. ఈ మూడోది రాయడానికే చెయ్యి వెనకాడుతుంది. అల్లూరి చివరి రోజుల్లో బరువుగా తూగింది కూడా అదే. కాబట్టి ముందు అదే రాయండి.