దాసుల ఓడ నాయకుడు జాన్ న్యూటను

ధ్యానమునకు: 1 తిమోతి 1:8-16



జాన్ న్యూటను పేరు మీలో చాలమంది వినియున్నారు. తుఫానులో చిక్కిన ఓడ, దానిలో దేవునికి మొఱ్ఱపెట్టిన నావికుడు, ఆ తరువాత కృపనుగూర్చి వ్రాయబడిన కీర్తన: ప్రసంగములలో ఆయన కథ ఇంతటితో ముగియుచుండును. తుఫానుకును కీర్తనకును నడుమ గడచిన సంవత్సరముల సాక్ష్యము ఇంగ్లాండు దేశపు మ్యూజియములలో భద్రముగా నున్నది. దానిని గూర్చి ఈ నెల వ్రాయదలచితిమి.

న్యూటను 1725లో లండనులో పుట్టెను. ఏడేండ్లు నిండకమునుపే భక్తిగల తల్లి మరణించెను. తండ్రి ఓడ నాయకుడు గనుక బాలుడు పదకొండవ యేటనే సముద్రమెక్కెను. 1744లో బలవంతముగా యుద్ధనౌకలో చేర్చబడి, పారిపోయి పట్టుబడి కొరడా దెబ్బలు తిని, చివరకు పశ్చిమ ఆఫ్రికా తీరమున ఒక దాసవ్యాపారియొద్ద చేరెను. అక్కడ జ్వరముతోను ఆకలితోను పడియుండగా, సంకెళ్లలోనున్న దాసులే తమ కొద్దిపాటి కూటిలో కొంత రహస్యముగా ఆయనకు తెచ్చి పెట్టిరి. ఈ సంగతి ఆయనే వ్రాసియున్నాడు. దీనిని జ్ఞాపకముంచుకొనుడి.

1748 మార్చిలో గ్రేహౌండు అను ఓడ అట్లాంటిక్ సముద్రములో పగిలి నీరెక్కుచుండగా ఆయన దేవునివైపు చూచెను. అటుపిమ్మట ఏమి చేసెను? మరల ఆఫ్రికాకే వెళ్లెను. 1750 మొదలు 1754 వరకు ముమ్మారు దాసుల ఓడకు నాయకుడై, తనకు కూడు పెట్టినవారివంటి దీనులనే కొని, సముద్రము దాటించి అమ్మెను.

ఆ ప్రయాణములలో ఆయన వ్రాసిన దినచర్య పుస్తకము గ్రీనిచ్‌లోని జాతీయ సముద్రయాన మ్యూజియములో నున్నది. గాలి ఏ దిక్కున వీచెనో, ఎవరిని కొనెనో, ఎవరు మరణించిరో అందులో కలదు. మరణించిన దాసులకు పేరు లేదు, అంకె మాత్రమే. తిరుగుబాటు అనుమానము కలిగినప్పుడు బాలుర బొటనవ్రేళ్లను ఇనుప మరలో బిగించి నిజము చెప్పించినట్లును వ్రాసెను. అదే ఓడలో ఆదివారము రెండు సారులు నావికులతో ప్రార్థన జరుపుచుండెను.

ఈ రెండును ఒక్క ఓడలో ఎట్లు ఇమిడెనని మీరు అడుగవచ్చును. ఆ కాలపు క్రైస్తవులలో అనేకులు దానిని వింతగా ఎంచలేదు. నేటి ఘానా దేశములోని కేప్ కోస్టు కోటను చూడవచ్చువారికి అక్కడివారు ఒక చీకటి నేలమాళిగను, దానిపైన కట్టిన ప్రార్థన గదిని చూపుదురు. క్రింద బంధింపబడిన మగ దాసులు, పైన ఆరాధన! ధర్మశాస్త్రము ఎట్టివారికొరకు నియమింపబడెనో పౌలు తిమోతికి చెప్పుచు మనుష్యచోరులను కూడ ఆ వరుసలో చేర్చెను. ఆ వచనము వారి బైబిలులోను ఉండెను.

1754లో న్యూటను సముద్రము మానినది మనస్సాక్షి గద్దించుటచేత కాదు, హఠాత్తుగా మూర్ఛ వచ్చుటచేత. 1764లో ఓల్నీ అను ఊరి సంఘమునకు కాపరియై, కవియైన కూపరుతో కలిసి 1779లో కీర్తనల పుస్తకము ప్రచురించెను. కూపరు కాపురమున్న ఇల్లు 1900 నుండి మ్యూజియముగా నున్నది. పుస్తకము వెలువడిన తరువాతను దాసవ్యాపారమును గూర్చి ఆయన చాలకాలము బహిరంగముగా నోరు తెరువలేదు. 1785లో విల్బర్‌ఫోర్స్ అను యువ పార్లమెంటు సభ్యుడు ఆలోచన కోరి ఆయనయొద్దకు వచ్చెను. 1788లో, అనగా తుఫాను తరువాత నలువది యేండ్లకు, తాను చూచినదియు చేసినదియు ఒప్పుకొనుచు చిన్న పుస్తకము అచ్చువేయించెను. ఆ ఒప్పుకోలు ఆలస్యమైనదని అందులోనే వ్రాసెను. పార్లమెంటు విచారణలోను సాక్ష్యమిచ్చెను. ఓడ నడిపినవాడే పలికిన సాక్ష్యము గదా!

జక్కయ్య ఆ దినముననే నాలుగంతలు మరల చెల్లింప సిద్ధపడెను. న్యూటను చెల్లింపగోరినను, అంకెలుగా వ్రాయబడినవారిని ఎక్కడ వెదకును?

1807 మార్చిలో బ్రిటిషువారి దాసవ్యాపారము నిషేధింపబడెను. ఆ శాసనము వచ్చువరకు బ్రతికి, అదే సంవత్సరము డిసెంబరు 21న ఆయన మరణించెను. శాసనమునకు 200 ఏండ్లు నిండిన 2007లో, ఆయన ఓడలు బయలుదేరిన లివర్‌పూలు రేవులోనే దాసత్వ చరిత్రను చూపు మ్యూజియము తెరువబడెను. ఇట్టివి పితరుల పేరు చెరుపునని సణుగువారు కలరు. దావీదు పాపమును దాచని గ్రంథము చదువుకొనువారు అట్లు భయపడ నక్కరలేదని మా తలంపు.

న్యూటను సమాధి 1893 నుండి ఓల్నీలో నున్నది. దానిమీది మాటలు ఆయనే ముందుగా వ్రాసిపెట్టుకొనెను. తాను ఒకప్పుడు నాస్తికుడననియు, ఆఫ్రికాలో దాసులకు దాసుడననియు, క్రీస్తు కనికరముచేత క్షమింపబడితిననియు అందులో నున్నది. దాసుల ఓడకు నాయకుడననుట లేదు. అది చూడగోరువారు గ్రీనిచ్‌లోని దినచర్య పుస్తకము తెరువవలసి యున్నది.